రిజా గీత గురించి శీనుకి

ఒరే శీనూ,

ఇరాన్ బొమ్మల్లో మనిషిని ఉత్త గీతలతో అంత నిండుగా ఎలా నిలబెడతారని అడిగావుగా. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, తీరిగ్గా కూర్చుని చదువు. ఒక్క రిజా అబ్బాసీనే పట్టుకుందాం, చాలు. ఇస్ఫహాన్‌లో ఇరాన్ రాజు మొదటి షా అబ్బాస్ కొలువులో పనిచేసిన చిత్రకారుడు, 1635లో పోయాడు. తండ్రి అలీ అస్గర్ కూడా చిత్రకారుడే. పేరు చివరి ‘అబ్బాసీ’ రాజు ఇచ్చిన గౌరవం.

మనం బడిలో నేర్చుకున్నదేమిటి? ముందు చుట్టూ గీసి, తర్వాత లోపల నీడలు నింపడం. రిజా దగ్గర ఆ రెండో పని దాదాపు ఉండదు. నీడ, బరువు, బట్ట మందం అన్నీ గీతే మోస్తుంది. ఒక చొక్కా చేతినే చూడు. గీత భుజం దగ్గర వెంట్రుకవాసిగా మొదలవుతుంది. మోచేతి మడతలో కుంచె నొక్కుకుని లావవుతుంది. మణికట్టు చేరేసరికి సన్నబడి కాగితంలో కలిసిపోతుంది. ఆ లావైన చోటే కంటికి లోతు తెలుస్తుంది.

ఈ నడక చేతిరాత నుంచి వచ్చింది. చిత్రకారుడి కంటే లేఖకుడికి పెద్దపీట వేసిన సంస్కృతి అది. నస్తలీఖ్ అనే పారసీక రాతశైలికి వాడే రెల్లు కలం మొనని ఏటవాలుగా కోస్తారు, అందుకే ఒకే అక్షరంలో సన్నమూ లావూ పక్కపక్కనే వస్తాయి. అక్షరం పొడవుని కూడా ఆ మొనతో పెట్టిన చుక్కలతోనే కొలుస్తారు. ఆ వాలు, ఆ కొలత కంటికీ చేతికీ పట్టినవాళ్ల మధ్య పెరిగిన చిత్రకారుడు నడికట్టు కొస గీసినా అక్షరం తోకలాగే విసురుతాడు. నన్నడిగితే ఇరాన్ బొమ్మ అందమంతా ఆ విసురులోనే ఉంది, రంగుల్లో కాదు.

ఇక చేతిపని. కాగితానికి పలచటి గంజి పట్టించి, పూర్తిగా ఆరాక, నున్నటి పలక మీద పెట్టి అగేట్ రాయితో రుద్దాలి. రాయి లేకపోతే పెద్ద గవ్వ వీపు పనికొస్తుంది. గంజి చిక్కనైతే ఆరాక పొలుసులు లేస్తుంది. తడి ఉండగా రుద్దితే కాగితం చిరుగుతుంది. రుద్దడం చాలకపోతే సిరా పోగుల్లోకి పాకి గీత అంచు నూగునూగుగా అవుతుంది. చాలామంది కుంచెని తిట్టుకుంటారు గానీ తప్పు కాగితానిది.

కుంచె ఉడత తోక వెంట్రుకలతో, ఈక కాడలో బిగించి చేసేవాళ్లు. మొన సన్నగా ఉంటే చాలదు, పొట్ట కూడా ఉండాలి. సిరా నిలిచేది పొట్టలోనే. పొట్టలేని కుంచె మోచేయి దాటకముందే ఎండిపోతుంది. అలా ఆగిన చోట మళ్లీ అందుకుంటే ముడి కనిపిస్తుంది. అందుకే గీత మొదలెట్టకముందే ఎక్కడ ఆపాలో చూసుకోవాలి: నడికట్టు కిందకి వెళ్లే చోట, ఒక మడత ఇంకో మడత వెనక దాక్కునే చోట. అక్కడ అతుకు ఎవరికీ కనిపించదు.

సిరా గురించి పారసీకంలో ఒక పాత లెక్క ఉంది: మసి ఎంతో అన్నభేది (ఒక ఇనుప లవణం) అంత, ఆ రెండూ కలిపి ఎంతో మాచికాయ (వగరు కాయ) అంత, మూడూ కలిపి ఎంతో జిగురు అంత, ఆపైన రెక్కల బలం. అంటే మసి 10 గ్రాములైతే అన్నభేది 10, మాచికాయ 20, తుమ్మజిగురు 40. రెక్కల బలమంటే నూరడం. ఇది రాతకి. నీ బొమ్మకి మసీ జిగురూ చాలు, అన్నభేది జోలికి పోకు. ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. జిగురు ఎక్కువైతే గీత మెరిసి పగులుతుంది, తక్కువైతే వేలికి అంటుతుంది.

అన్నట్టు, మన శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు కూడా ఇదే రసాయనం. కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుప తుక్కూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో గీస్తారు. అక్కడ మాచికాయ వగరు, ఇక్కడ కరక్కాయ వగరు. ఇనుము తగిలితే రెండూ నల్లబడతాయి. ‘కలంకారీ’ అన్న మాట కూడా పారసీకం నుంచి వచ్చిందే.

రిజా గీత జీవితాంతం ఒకేలా లేదు. తొలినాళ్లది పైన చెప్పిన సన్నమూ లావూ. తర్వాత్తర్వాత మనుషులు బరువెక్కారు, గీత గుండ్రంగా, సమంగా సాగింది, గోధుమ, ఊదా రంగులు చేరాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1630 నాటి ప్రేమికుల జంట బొమ్మ ఉంది. ఎవరి చేయి ఎక్కడ ఆగి ఎవరి ఒళ్లు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి, ఇద్దరూ ఒకే ముద్దలా కలిసిపోయారు. నాకైతే తొలి గీతే ఇష్టం. కానీ ఈ బొమ్మ ముందు ఆ మాట గట్టిగా అనలేను.

శిష్యుడు ముయీన్ ముసవ్విర్ గీసిన గురువు బొమ్మ కూడా చూడు. 1635లో మొదలుపెట్టి 1673లో పూర్తిచేశాడు. ముసలి రిజా కళ్లజోడు పెట్టుకుని, మోకాలి మీద కాగితం ఆనించి, యూరప్ దుస్తుల్లో ఉన్న మనిషిని గీస్తుంటాడు. ఒడిలో కాగితం ఉంటే కుంచె తిప్పడం కష్టమైన చోట కాగితాన్నే తిప్పుకోవచ్చు. బల్లకి టేపుతో అంటించావో, ఆ వీలు పోయింది.

ముందు నెలరోజులు మనుషుల జోలికి పోకుండా నడికట్టు కొసలూ, చొక్కా చేతులే గియ్యి. పెన్సిల్ వద్దు. ఓ పది ఫోటో తీసి పంపు, బాగా వచ్చినవి ఏరి కాదు, వరసగా గీసినవి గీసినట్టే. కుంచె ఎక్కడ తడబడిందో చూసి మళ్లీ రాస్తాను.

నీ
మూర్తి