ఇరుసును మధ్యలో పెట్టవద్దు

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

నీ బైక్ వెనక తగిలించడానికి నువ్వు గీసి పంపిన ట్రైలర్ బండి బొమ్మను తీరిగ్గా చూశాను. గొట్టాల కొలతలు, పెట్టె మూత, తాళం, వాన నీరు దిగకుండా రబ్బరు పట్టీ, అన్నీ శ్రద్ధగానే వేశావు. సామానంతా బైక్ మీదే కుక్కి ఎత్తుగా కట్టుకోవడం కన్నా వెనక రెండు చక్రాల మీద లాక్కుపోవడం మేలన్న నీ మాటతో నాకు పేచీ లేదు. కాకపోతే ఇరుసును పెట్టెకు సరిగ్గా మధ్యన గీశావు. ఆ ఒక్క గీతను కాస్త వెనక్కి జరిపేవరకు ఇనుము కోయవద్దు.

ఎడ్లబండిలో వెనక బరువెక్కితే కాడి ఎద్దుల మెడను వదిలి పైకి లేవడం తెలిసిందే కదా, ఇక్కడా జరిగేది అదే. బరువంతా నింపిన తరువాత ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి, మరీ ఎక్కువైతే ఏడో వంతు దాకా, హిచ్ మీద, అంటే ట్రైలర్ బైక్‌కు తగులుకునే చోట, పడాలి. అంతకు తగ్గితే వేగం పెరిగే కొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒక వేగం దాటిందంటే ఆ ఊపు తనంతట తాను సర్దుకోదు, ప్రతి ఊపూ ముందరి దానికన్నా పెద్దదవుతుంది. హిచ్ మీద బరువు మరీ ఎక్కువైతే బైక్ వెనక స్ప్రింగులు కుంగి, ముందు చక్రం తేలికై, హ్యాండిల్ పట్టు తప్పినట్టు అనిపిస్తుంది. రెండింటిలో మొదటిదే ఎక్కువ ప్రమాదమని నా ఉద్దేశం, ఎందుకంటే అది నెమ్మదిగా పోతున్నంతసేపు బయటపడదు.

నీ కొలతలతోనే లెక్క వేసి చూడు. హిచ్ నుంచి ఇరుసుకు 160 సెంటీమీటర్లు, సామానుతో కలిపి బరువు 80 కిలోలు అనుకుందాం. మొత్తం బరువు కేంద్రం ఇరుసుకు 20 సెంటీమీటర్ల ముందు ఉంటే హిచ్ మీద 10 కిలోలు పడతాయి. ఇప్పుడు పెట్టె ముందు భాగంలో ఉన్న 10 కిలోల గుడారం సంచిని తీసి, 80 సెంటీమీటర్లు వెనక్కి, తలుపు దగ్గర పడేశావనుకో. హిచ్ మీద మిగిలేది 5 కిలోలే. అందుకే ఇరుసును ఫ్రేముకు వెల్డింగ్ చేయకుండా యూ ఆకారపు బోల్టులతో బిగించు. ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికి జానెడు చోటు వదులు. సామాను సర్దిన తరువాత ట్రైలర్‌ను సమతలంగా నిలబెట్టి, హిచ్ కింద ఒక చెక్క దిమ్మె, దాని కింద ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను పెట్టి చూడు. దిమ్మె బరువు తీసివేయడం మరవకు. సర్దే తీరు మారిన ప్రతిసారీ ఈ పని చేయాల్సిందే.

పెట్టె నుంచి హిచ్ దాకా ముందుకు సాగే కడ్డీని, అంటే డ్రాబార్‌ను, పొట్టిగా వేయాలని నీకు అనిపిస్తుంది, ఇంట్లో చోటు కలిసివస్తుందని. వద్దు. అది పొడవుగా ఉంటే ట్రైలర్ నిలకడగా వెంట వస్తుంది, తోసి వెనక్కి పెట్టడమూ తేలిక. ఆ కడ్డీ పెట్టె ఫ్రేమును కలిసే చోటే వంపు ఒత్తిడి అంతా పడుతుంది కనుక, అక్కడ రెండు పక్కలా త్రికోణపు రేకులు వేయించు. ప్రయాణం మధ్యలో ఆగినప్పుడల్లా ఆ అతుకు మీద రంగు చిట్లి, వెంట్రుకంత సన్నని తుప్పు గీత కనిపిస్తున్నదేమో వేలితో తుడిచి చూడు. పగులు మొదలైతే ముందు తెలిసేది అక్కడే.

హిచ్ విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దు. కారు మలుపులో ఒరగదు, బైక్ ఒరుగుతుంది. ఇనుప గుండు మీద కూర్చునే మామూలు బాల్ హిచ్ కొంత ఒరుగుడుకు ఒప్పుకుంటుంది, ఆ తరువాత బిగుసుకుంటుంది. డ్రాబార్ ముక్కుకు తన చుట్టూ తాను పూర్తిగా తిరిగే తగులు, అంటే కప్లర్, పెడితే బైక్ పక్కకు పడిపోయినా ట్రైలర్ నిటారుగానే నిలుస్తుంది. హిచ్‌ను బైక్ ప్రధాన ఫ్రేముకు బిగించాలి, లగేజీ క్యారియర్‌కు ఎంతమాత్రం కాదు. సేఫ్టీ చెయిన్లు రెండూ డ్రాబార్ కింద అడ్డంగా దాటేటట్టు కట్టు. కప్లర్ ఊడినా కడ్డీ ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా అవి పట్టుకుంటాయి.

చిన్న చక్రాల సంగతి చాలామంది పట్టించుకోరు. 16 అంగుళాల ఎత్తున్న టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి దాదాపు 1,300 సార్లు తిరుగుతుంది. అదే వేగంలో 25 అంగుళాల బైక్ చక్రం తిరిగేది 850 లోపే. బేరింగులు కాలిపోయేది ఇందుకే. ఆగినప్పుడు చక్రం నడిమి హబ్ మీద చేయి పెట్టు: గోరువెచ్చగా ఉంటే సరే, చేయి నిలవలేదంటే గ్రీజు అయిపోయిందనో, నట్టు మరీ బిగించారనో అర్థం. వీలుంటే 12 అంగుళాల రిమ్ములే తీసుకో, టైరుతో కలిపితే చక్రం ఆ 16 అంగుళాల కన్నా ఎత్తవుతుంది. స్ప్రింగులుగా పనిచేసే కమాను పట్టీలు పెద్ద ట్రైలర్లవి తెచ్చి వేస్తే నీ తేలిక సామానుకు అవి వంగవు, బండి ఎగిరెగిరి పడుతుంది.

ట్రైలర్ లైట్ల కరెంటు భారం బైక్ స్విచ్చుల మీద పడకుండా లైట్లకు రిలే పెట్టించు. ఎర్త్ వైరు విడిగా లాగాలి, హిచ్ ఇనుమును నమ్ముకోవద్దు.

ఇక నడపడం. నీ వెనక ఇప్పుడు ఒక జాడ కాదు, మూడు జాడలు ఉంటాయి. గుంతను నువ్వు చక్కగా తప్పించుకున్నా ట్రైలర్ చక్రం అందులో పడవచ్చు. బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది, కాబట్టి ముందు వాహనానికి మామూలు కన్నా బాగా ఎడంగా ఉండు. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించు. ఒరిగి ఉండగా బ్రేకు పట్టితే వెనక బరువు నిన్ను పక్కకు తోస్తుంది. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయడం, దాన్ని దాటేద్దామని వేగం పెంచడం, రెండూ వద్దు. థ్రాటిల్ మెల్లగా వదిలి హ్యాండిల్ తిన్నగా పట్టుకో.

బరువుకు హద్దు ఎంతని అడిగావు. బ్రిటన్ నిబంధనల ప్రకారం నిండు ట్రైలర్ 150 కిలోలు లేదా బైక్ బరువులో మూడింట రెండు వంతులు, వీటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు, వెడల్పు ఒక మీటరుకు మించకూడదు. నన్నడిగితే అందులో సగమే నీ హద్దు. పెట్టెలో చోటు మిగిలింది కదా అని నింపవద్దు. నీ బైక్ మాన్యువల్‌లో ట్రైలర్ లాగవద్దని రాసి ఉన్నదేమో, లాగితే బీమా చెల్లుతుందో లేదో, ఇనుము కొనకముందే చూడు.

ఇరుసు బిగించి, రంగు వేయకముందు ఒకసారి పూర్తి సామానుతో తూచి, ట్రైలర్ మొత్తం బరువు, హిచ్ మీద బరువు, రెండు అంకెలూ నాకు రాయి.

నాన్న