ముల్లు కదలకపోయినా దిగిపోతావు

పలాస

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. పక్కగాలికీ, విమానం ఎత్తు చూపించే ఆల్టీమీటర్‌కీ సంబంధం ఏటో గ్రౌండ్ క్లాసులో ఎంత చెప్పినా బుర్రకెక్కట్లేదన్నావు. నాకు మహా ఇష్టమైన విషయం అడిగావురా, తీరిగ్గా చదువు.

ఆల్టీమీటర్‌కి నేల కనబడదు. అందులో గాలి తీసేసి మూసేసిన పల్చటి లోహపు డబ్బా ఉంటుంది. బయటి పీడనం తగ్గితే అది ఉబ్బుతుంది, ముల్లు పైకి తిరుగుతుంది. నువ్వు పైకెళ్లావా, అల్పపీడనంలోకి దూరావా అన్నది దానికి తెలీదు. సముద్రమట్టం దగ్గర పీడనంలో ఒక్క హెక్టోపాస్కల్ (పీడనం కొలిచే ప్రమాణం) తేడా వస్తే సుమారు 27 అడుగులు తేడా చూపిస్తుంది.

మన తిత్లీ తుపానునే తీసుకో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఇక్కడే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. తుపాను నడిమధ్య పీడనం 972 హెక్టోపాస్కల్స్ దాకా పడిపోయింది. 1013 (సముద్రమట్టం దగ్గర ప్రామాణిక పీడనం) మీద పెట్టి వదిలేసిన ఆల్టీమీటర్ అక్కడుంటే, నేల మీదే ఉన్నా 1,100 అడుగులకి పైనే చూపించేది! టవర్ వాళ్లు ఆ చోటి పీడనాన్ని సముద్రమట్టానికి లెక్కకట్టిన అంకె, అంటే క్యూఎన్‌హెచ్ చెప్పగానే నాబ్ తిప్పి సరిచేసుకోమనేది ఇందుకే.

ఇక గాలి సంగతి. పక్కగాలి తనంతట తాను ముల్లుని కదపదు. పీడనం ఎటు తగ్గుతోందో మాత్రం చెప్పేస్తుంది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమవైపు ఉంటుంది. 1857లో బైస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త చెప్పిన సూత్రమిది. బారువ బీచ్‌లో ఈశాన్యం గాలి వీపుకి కొడుతుంటే నీ ఎడమచెయ్యి బంగాళాఖాతం వైపే చూపిస్తుంది కదా!

ఇప్పుడు శ్రావణంలో ఒడిశా తీరాన అల్పపీడనం పట్టిందనుకో. నువ్వు విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్తున్నావు. వాయవ్యం గాలి ఎడమ నుంచి కొట్టి విమానాన్ని సముద్రం మీదికి తోస్తుంది. కుడికి తోస్తోందంటే ఎదర పీడనం తగ్గుతోందన్నమాట. పాత సెట్టింగే ఉంచేసి ముల్లుని 5,000 అడుగుల దగ్గరే పట్టుకున్నా, నిజానికి మెల్లగా దిగిపోతుంటావు. ఎడమపక్క మబ్బుల్లో మన మహేంద్రగిరి దాదాపు 4,900 అడుగులుందిరా! పైగా పెనుగాలి కొండ దాటేచోట పీడనం ఇంకాస్త పడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నావిగేటర్లు దీన్నే తిరగేసి వాడుకున్నారు. సముద్రం మీద, రేడియో తరంగాలతో అసలు ఎత్తు కొలిచే రేడియో ఆల్టీమీటర్‌కీ మామూలు ఆల్టీమీటర్‌కీ మధ్య తేడా ఎంత మారిందో చూసి, గాలి తమని ఎంత పక్కకి తోసిందో లెక్కకట్టేవారు. కింద నీళ్లు తప్ప ఇంకేమీ కనబడని చోట ఎంత గొప్ప ఉపాయం!

ఎడమకి తోస్తే ఏమవుతుందో నువ్వే లెక్కేసి రాయి, చూస్తాను. పిన్నికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రాము