మా డ్రాయింగులను ఫోటోలుగా మార్చేస్తున్న మీ పీడీఎఫ్ కన్వర్టర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కొత్త వెర్షన్‌లో క్యాడ్ (కంప్యూటర్లో గీసిన) డ్రాయింగులు పనికొచ్చే పీడీఎఫ్‌లుగా రాకపోవడం గురించి.

అయ్యా,

విజయవాడలో ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు మాది. డీడబ్ల్యూజీ (క్యాడ్ డ్రాయింగు) ఫైళ్లన్నిటినీ ఒకేసారి పీడీఎఫ్‌లుగా మార్చుకోవడానికి మీ కన్వర్టర్‌కు ఏడాది లైసెన్సు కట్టాం. పాత వెర్షన్‌తో ఏ పేచీ లేదు. అప్‌డేట్ చేశాకే ఈ తిప్పలన్నీ.

ఇదివరకు డ్రాయింగులో గీత పీడీఎఫ్‌లోనూ గీతగానే ఉండేది. ఎంత జూమ్ చేసినా చెదిరేది కాదు, ఫైలూ చిన్నగా వచ్చేది. ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ షీటు మొత్తాన్ని ఫోటో చేసి పీడీఎఫ్‌లో పెడుతోంది. ఏ1 షీటంటే 594 × 841 మిల్లీమీటర్లు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున ఫోటో చేస్తే దాదాపు 28 కోట్ల పిక్సెళ్లు! జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అటాచ్‌మెంట్‌గా వెళ్లదు. లింకు పంపినా సైట్లో ఇంజినీరు ఫోన్లో తెరుచుకోదు.

డీపీఐ తగ్గించుకోమన్నారు మీ సపోర్టువాళ్లు. తగ్గించాం. ఫైలు చిన్నదైంది, అంకెలు అలుక్కుపోయాయి. పిల్లర్ల షెడ్యూల్లో 230 × 380 మిల్లీమీటర్లు అన్నది 230 × 330 లాగా కనబడింది. రాడ్ బెండింగ్ మేస్త్రి అనుమానమొచ్చి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. అడక్కుండా 330కే సెంట్రింగ్ కొట్టి ఉంటే ఎవరిది బాధ్యత? పై అంతస్తులు మోయాల్సిన పిల్లరండీ అది.

మేస్త్రుల కోసం షీటు పక్కన నోట్సు తెలుగులో రాస్తాం. వాటిలో ఒత్తులు ఊడి పక్కకు పడుతున్నాయి, కొన్నిచోట్ల అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తున్నాయి. స్కేలూ నిలవడం లేదు. 1:100లో పది మీటర్ల ప్రహరీ ప్రింటులో 10 సెంటీమీటర్లు రావాలి, 9.4 వస్తోంది. ‘ఫిట్ టు పేజ్’ (కాగితానికి సరిపడా కుదించడం) మేం పెట్టలేదు, తీసేసే వీలూ మీరు ఇవ్వలేదు.

ఫైలు తగ్గించే సరైన దారులు మీకు తెలియనివి కావు. వాడిన అక్షరాల మేరకే ఫాంటు పొందుపరచండి. ఆఫ్ చేసిన లేయర్లను (డ్రాయింగు పొరలను) వదిలేయండి. డ్రాయింగులో అతికించిన ఫోటోలుంటే వాటికి మాత్రమే డీపీఐ తగ్గించండి. ఇటుక, టైల్స్ చూపే హ్యాచింగు (దగ్గర దగ్గర గీతల నింపుడు) బరువైతే అది పల్చన చేసుకునే పని మాది. గీతల జోలికి, అంకెల జోలికి మాత్రం రావద్దు.

వెంటనే పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ పంపండి. అది కుదరకపోతే లైసెన్సులో మిగిలిన నెలల డబ్బు వాపసు చేయండి. పాడైన పీడీఎఫ్‌లు, వాటి అసలు డ్రాయింగులు జతచేస్తున్నాను. పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం.

ఇట్లు,
ఆర్కిటెక్ట్, విజయవాడ