బొడ్డు పూడని సొరపిల్లలు

సంపాదకులు గారికి నమస్కారాలు.

మైపాడు దగ్గర వలకు వింత చేపలు చిక్కాయంటూ ఇటీవల మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. గంప నిండా అడుగున్నర పొడవున్న సొరపిల్లలు, వాటికి సుత్తిలా అడ్డంగా సాగిన తలలు. వాటిలో ఒకటి వెల్లకిలా పడి ఉండడం వల్ల దాని రొమ్ము రెక్కల మధ్య ఇంకా పూడని బొడ్డు సన్నని గీతలా కనిపిస్తోంది. వార్త రాసినవారు తలల గురించే రాశారు. కావలిలో చాలాకాలం జంతుశాస్త్రం చెప్పిన నాకు మాత్రం ఆ బొడ్డే ముఖ్యమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

సుత్తితల సొరల్లో మన సముద్రంలో దొరికే జాతులు ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి. తల ముందు అంచుకు నట్టనడుమ ఒక నొక్కు, దానికి అటూ ఇటూ మరికొన్ని నొక్కులు ఉంటే అది స్ఫిర్నా లెవిని అనే జాతి. మీరు వేసిన ఫొటోలోనివి అవే. తల వెడల్పు ఒంటి పొడవులో దాదాపు సగం దాకా ఉండే యూస్ఫైరా బ్లోకీ అనేది వేరే జాతి. ఆ విచిత్రమైన తల ఉత్త ఆకారం కోసం ఏర్పడింది కాదు. దాని అడుగుభాగమంతా ఉన్న సన్నని రంధ్రాలు, బురదలో దాగిన చేప ఒంటి నుంచి వెలువడే అతి స్వల్పమైన విద్యుత్తును సైతం పసిగడతాయి. తల ఎంత వెడల్పుగా ఉంటే ఈదుతూ ఈదుతూ అంత ఎక్కువ మేర నేలను వెతకడానికి వీలవుతుంది.

ఇక బొడ్డు సంగతి. మనం తినే చేపల్లో చాలా జాతులు వేలల్లో, లక్షల్లో గుడ్లు వదులుతాయి కనుక కొన్ని వలలో పడినా సంతతి నిలుస్తుంది. ఈ సొర అలా కాదు. కడుపులోని పిల్ల మొదట తన సొననే తింటుంది; అది తరిగిపోయాక ఆ సొనసంచే తల్లి గర్భాశయపు గోడకు అతుక్కుని మాయగా మారుతుంది; అక్కడి నుంచి బొడ్డుతాడు గుండానే పిల్లకు ఆహారం అందుతుంది. ఇలా 9 నుంచి 12 నెలలు మోసి, ఒక కాన్పులో సుమారు 12 నుంచి 40 పిల్లల దాకా ఈనుతుంది. ఆడ సొర రెండు మీటర్ల పైచిలుకు పెరిగితే గానీ ఈనే ఈడుకు రాదు. పుట్టిన పిల్ల బొడ్డు కొద్ది వారాల్లోనే పూడిపోతుంది. కాబట్టి గంపలో ఉన్నవి పుట్టి కొద్ది వారాలైనా నిండని పిల్లలు. అంత పసివి ఎక్కడో దూర సముద్రం నుంచి ఈదుకుంటూ వచ్చాయని నేను అనుకోను. పెన్నా సముద్రంలో కలిసే ఊటుకూరు మైపాడుకు ఎంతో దూరంలో లేదు. ఆ చుట్టుపక్కల నీళ్లలోనే వాటి తల్లి ఈని ఉండాలి.

ఈ జాతి స్వభావం కూడా అందుకు తగినట్టే ఉంటుంది. లోతు నీళ్లలో తిరిగే ఆడ సొర, ఈనే వేళకు లోతు తక్కువ ఉన్న అఖాతాలకు, నదీముఖాలకు వస్తుంది. పెద్ద సొరల బారిన పడకుండా పిల్లలు అక్కడే పెరుగుతాయి. హవాయి దీవుల్లోని కనియోహే అఖాతంలో శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించిన పిల్లలు పగలంతా మడ్డి నీళ్లలో ఒకచోట గుంపుగా ఉండి, రాత్రి వేటకు చెదిరిపోయేవి. చిన్న గోబీ చేపలు, రొయ్య జాతి జీవులు వాటి ఆహారం. అంత భద్రమైన చోట కూడా చాలా పిల్లలు చాలినంత తిండి సంపాదించుకోలేక బక్కచిక్కి చనిపోయేవని వారు గమనించారు. ఆ గండం గడిచినవే పెద్దవై గాలాపాగోస్, కోకోస్ వంటి దీవుల దగ్గర వందల కొద్దీ గుంపులు కడతాయి. ఈ జాతి పెద్ద సొరలు రాత్రివేళ 800 మీటర్ల లోతు దాకా మునిగినప్పుడు, అక్కడి చల్లని నీటికి ఒంటి వేడి పోకుండా మొప్పలు మూసుకుని ఊపిరి బిగబడతాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తెలిపింది. మొప్పలతో బతికే జీవి శ్వాస ఆపి వేటాడడం నన్ను నేటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2019లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. మూడు తరాల కాలంలో వీటి సంఖ్య 80 శాతానికి పైగా పడిపోయిందని లెక్కకట్టింది. అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ ఒప్పందపు ఆంక్షలు 2014 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్నాయి. సొర రెక్కల ఎగుమతిని మన కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో నిషేధించింది. ఇవన్నీ అవసరమే. కానీ వీటి ధ్యాసంతా పెద్ద సొరల రెక్కల మీదే ఉంది. అడుగున్నర పిల్ల రెక్క కోసం ఎగుమతిదారు ఎవరూ రారు. అది పాలసొరలతో కలిసి ఊళ్లోనే అమ్ముడైపోతుంది. సొరపిట్టు తింటే పాలు పడతాయని బాలింతలకు వండిపెట్టే ఇళ్లు మన తీరంలో ఎన్నో ఉన్నాయి. ఆ వంటను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వలలో ఏది పడుతుందో ఎంచుకునే వీలు లేని మత్స్యకారుణ్ణి నిందించడం అసలే కాదు.

మత్స్యశాఖ వారికి నా విన్నపం ఇది. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, పాకల, కొత్తపట్నం రేవుల్లో దిగే సుత్తితల పిల్లల పొడవు, పడిన చోటు, తేదీ, బొడ్డు పూడిందో లేదో ఒక పుస్తకంలో రాసిపెట్టే ఏర్పాటు చేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధానికీ, ఈ సొరలు ఈనే కాలానికీ పొత్తు కుదురుతుందో లేదో ఆ పుస్తకం చూస్తేనే తెలుస్తుంది. నదీముఖాల దగ్గర పూడికతీత, రేవుల తవ్వకాల వేళలు నిర్ణయించేవారికి కూడా ఆ వివరాలు అందాలి. పొరుగు రాష్ట్రపు మరబోట్లు ఒడ్డు దాకా వచ్చి వేటాడుతున్నాయని మన వాళ్లు ఎన్నాళ్లుగానో మొరపెట్టుకుంటున్నారు. సొరపిల్లలు తిరిగేది ఆ నీళ్లలోనే కనుక ఆ ఫిర్యాదును ఈ కోణంలోనూ చూడాలి.

వలలో కదలక ఉంటే సుత్తితల సొర ఇతర సొరలకన్నా త్వరగా ప్రాణం విడుస్తుంది. కాబట్టి బతికున్న పిల్లను వల లాగిన వెంటనే, గంపలో వేయకముందే నీళ్లలోకి వదలాలి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. మన పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకార పల్లెల్లో, పెద్దకాపులనే కులపెద్దలు కూర్చుని దురాయి (కట్టుబాటు) వేస్తే ఊరంతా దానికి కట్టుబడే సంప్రదాయం నేటికీ ఉంది. బొడ్డు పూడని సొరపిల్ల ప్రాణంతో ఉంటే వదిలేయాలని ఒక్క దురాయి వేయవలసిందిగా ఆ పెద్దలను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా