కళ్ళు మూస్తే ఆలోచనలు ఎక్కువవుతున్నాయా?

అందరికీ నమస్కారం. మొన్న బీచ్ రోడ్డులో ధ్యానానికి కూర్చున్నప్పుడు ముగ్గురు ఒకటే మాట అన్నారు, "కళ్ళు మూస్తే చాలు, ఆలోచనలు ఎక్కువైపోతున్నాయండీ" అని. ఎక్కువవడం లేదు. రోజంతా ఉన్నవే, ఇప్పుడు కనిపిస్తున్నాయి అంతే.

బౌద్ధంలో ధ్యానానికి వచ్చే ఇలాంటి అడ్డంకులను పంచ నీవరణాలు అంటారు: కోరిక, ద్వేషం, నిద్రమత్తు, కలత, సందేహం. మన విశాఖ దగ్గరి తొట్లకొండ బౌద్ధారామంలో ఉన్న భిక్షువులూ రెండు వేల ఏళ్ళ కిందట వీటితో కుస్తీ పట్టే ఉంటారు. మనకే వచ్చిన కొత్త కష్టమేం కాదు.

నా సమస్య మత్తు. పొద్దున్నే కూర్చుంటే పది నిమిషాల్లో తల వాలిపోయేది. తీరా చూస్తే రాత్రి పడుకునేది పన్నెండు దాటాక! ఫోను పక్కన పెట్టి ముందు నిద్ర సరిచేసుకున్నాను. అప్పటికీ కునుకు వస్తే కళ్ళు తెరిచి కాసేపు సముద్రం వైపు చూస్తాను, లేదంటే లేచి నాలుగు అడుగులు వేస్తాను.

కలత దగ్గర బలవంతం పనిచేయదు. ఆఫీసు గొడవ గుర్తొస్తే "ఆలోచన" అని మనసులో అనుకుని ఊపిరి దగ్గరికి తిరిగి రండి. ఇరవైసార్లు పోతే ఇరవైసార్లూ రండి. సాధన అంటే ఆ తిరిగి రావడమే. "నాకు కుదరదేమో" అనిపిస్తే అది సందేహం, దానికీ అదే మందు.

కూర్చున్న ప్రతిసారీ భయం, గుండెదడ పెరుగుతుంటే మాత్రం మొండికేయకండి. ఆపేసి డాక్టరుతో మాట్లాడండి.

ఆదివారం పొద్దున తొట్లకొండ వెళ్దాం. నీళ్ళ సీసా, టోపీ మరిచిపోవద్దు. ఎండ ముదరకముందే దిగిపోదాం. వచ్చేవాళ్ళు ఇక్కడే చెప్పండి.