వార్షిక నివేదిక: మంచినీటి పైపుల పనులు, పురావస్తు పర్యవేక్షణ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం సమయమంతా దాదాపు ఒక్క కందకం దగ్గరే గడిచింది. కొత్త మంచినీటి పైపుల కోసం ఊళ్లో ఎక్కడ తవ్వినా పురావస్తు నిపుణురాలు పక్కన ఉండేలా చూశాం. ఆమెకు సాయంగా మన సభ్యులు వంతులవారీగా నిలబడ్డారు. పాత ఫొటోల సేకరణ ఎప్పటిలాగే సాగింది.

వీలైనంత వరకు పాత పైపు దారిలోనే కొత్తది వేయమని ముందే అడిగాం. అక్కడి మట్టి ఇదివరకే తిరగబడింది కాబట్టి కొత్తగా పాడయ్యేది తక్కువ. తప్పనిసరిగా కొత్త చోట తవ్వాల్సి వస్తే జేసీబీకి పళ్లు లేని బకెట్ పెట్టించి, పలచగా పొర తర్వాత పొర గీకించారు. పళ్ల బకెట్ మట్టిని చీల్చేస్తుంది. నున్నటి అంచుతో గీకితే బూడిద చార, ఎర్రగా కాలిన నేల, ఎప్పుడో పూడిన గుంత అంచు వేటికవే కనిపిస్తాయి.

పాత వీధి మలుపులో అలాంటి బూడిద పొరే బయటపడింది. అందులో దొరికిన ఒక కుండ మూతి పెంకు లోపలివైపు కుమ్మరి వేళ్ల గీతలు ఇంకా చేతికి తగులుతున్నాయి. వలయాలు గీసిన కాగితం మీద ఆ అంచు వంపును ఆనించి, కుండ మూతి ఎంత వెడల్పో ఆమె అక్కడికక్కడే చెప్పారు. బొగ్గు ముక్కల్ని చేత్తో ముట్టకుండా రేకులో చుట్టి పరీక్షకు పంపారు. చెట్టు చనిపోయాక దానిలోని కార్బన్ 14 అనే రేడియోధార్మిక కార్బన్ సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని బట్టి కాలం లెక్కిస్తారు. అయితే ఆ లెక్క కట్టె వయసు చెబుతుంది గానీ, అది ఎప్పుడు కాలిందో కచ్చితంగా చెప్పదు. కాబట్టి ఫలితం రాకముందే ఊరి వయసు ఇంత అని ఎవరూ ప్రచారం చేయవద్దని మనవి.

మన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదట్లో మనవాళ్లే మట్టికుప్పల్లోంచి మంచి పెంకులు ఏరి, కడిగి, అన్నీ ఒకే సంచిలో వేశారు. ప్రేమతో చేసిన పనే. కానీ ఏ పొరలోదో తెలియని పెంకు చెప్పగలిగేది చాలా తక్కువ. అప్పటి నుంచి పొరకో నంబరు, నంబరుకో సంచి, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో.

ఇటుక గోడ పునాది తగిలి పని ఆగినప్పుడు ఊళ్లో టెన్షన్ పెరిగింది. నీళ్ల కోసం ఎదురుచూసేవాళ్ల కోపంలో న్యాయముంది. కొలతలు, బొమ్మలు త్వరగా ముగించి, పైపును పక్కకు మళ్లించి, గోడను మళ్లీ మట్టితో కప్పారు. మొత్తం తవ్వి చూడలేదేమని చాలామంది అడిగారు. తవ్విన పొరను తిరిగి పేర్చలేం. చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమాస్ 1990లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఆమోదించిన చార్టర్ కూడా ఇలాంటి వాటిని వీలైతే ఉన్నచోటే కాపాడమంటుంది. కార్యవర్గం అభిప్రాయమూ అదే.

తూర్పు వీధి పని ఇక మొదలవుతుంది. వంతుకు రాగలవారు పేర్లివ్వండి. అక్కడ పూడ్చేసిన బావి ఎక్కడుండేదో గుర్తున్న పెద్దలు, కందకం ఆ చోటికి చేరకముందే వచ్చి చూపించండి.