నేల, నీరు, వంతు: మన ఆటల సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. రానివారికి కూడా నమస్కారమే. వాళ్ల సంగతి కొంచెం ఆగి చెప్తాను.

సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను. శనివారం సాయంత్రం కూడికలు వేసవి అంతా విజయవాడ సత్యనారాయణపురంలోని మేడ మీద మామూలుగానే జరిగాయి. ఈ ఏడు మనం పెట్టుకున్న అంశం దేవుడి ఆటలు. అంటే ఆడేవాడే దేవుడై నేలను మలచడం, వనరులు చూసుకోవడం, కింద ఉన్న జనాన్ని బతికించడం. మొదటి వారం తెర మీద పాపులస్ చూపించాం. 1989లో వచ్చిన కంప్యూటర్ ఆట, ఈ తరహాకు పెద్దన్న లాంటిది. నేలను ఎత్తి, దించి, చదును చేస్తే జనం ఇళ్లు కట్టుకుంటారు, జనం పెరిగితే దేవుడి శక్తి పెరుగుతుంది. పిల్లలకు బ్రహ్మాండంగా నచ్చింది. పెద్దవాళ్లకు మాత్రం టెన్షన్. అందులో వంతులు ఉండవు. మన కోశాధికారి గారు కళ్లజోడు సవరించుకునేలోపే అవతలి దేవుడు భూకంపం పంపించేశాడు.

దాంతో వంతులవారీ ఆటల వైపు మళ్లాం. 1991 నాటి సివిలైజేషన్ పెట్టిన రోజు ‘ఇంకొక్క టర్న్’ అంటూనే ఎవరూ లేవలేదు, వాచ్‌మన్ వచ్చి లైట్లు తీసేశాడు. వంతులు లేకపోయినా 2013 నాటి రియుస్ కూడా పెట్టాం. అందులో నలుగురు మహాకాయులు భూగోళం మీద నడుస్తూ నేలను తీర్చిదిద్దుతారు. ఒక ఊరు మరీ తొందరగా బాగుపడితే దురాశ పుట్టి పక్క ఊరి మీదకు పోతుంది. దీని మీద ఆటకంటే ఎక్కువసేపు చర్చ నడిచింది, ఎవరి ఊరి గురించి మాట్లాడుతున్నారో చివరికి అర్థం కాలేదు. బల్ల మీద ఆడే టెర్రాఫార్మింగ్ మార్స్ అందరికీ బాగా పట్టింది. అంగారకుడి మీద ఉష్ణోగ్రతను మైనస్ 30 నుంచి ప్లస్ 8 డిగ్రీలకు తేవాలి, ఆక్సిజన్‌ను 14 శాతానికి చేర్చాలి, 9 సముద్రాలు పరచాలి. గ్రహం అందరిదీ, మార్కులు ఎవరివి వారివి. మన సొంత ఆటకు విత్తనం అక్కడే పడింది.

ఈలోగా సెప్టెంబరు వచ్చింది. ఆ రోజులు సభ్యులకు నేను గుర్తు చేయనక్కర్లేదు. బుడమేరు వాగు నీటిని కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ వైపు ఉన్న మన సభ్యుల ఇళ్లు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. కింది అంతస్తులో ఉన్న ఒక సభ్యుడి ఇంట్లో పెట్టిన మన బోర్డు ఆటల బీరువా మొత్తం నీళ్లపాలైంది. ఆయన తన సామాను పోయినదానికంటే సంఘం డబ్బాలు పోయాయని ఎక్కువ బాధపడ్డారు. అవేమీ లెక్కలోకి రావని ఈ సభా ముఖంగా చెప్తున్నాను. పడవల మీద, ట్రాక్టర్ల మీద పాలు, భోజనం పొట్లాలు చేరవేసిన మన కుర్రాళ్లకు సంఘం రుణపడి ఉంది.

దసరా తర్వాత కూడినప్పుడు డబ్బాల్లేవు, ఆడుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు మన ఫిజిక్స్ లెక్చరర్ గారు ఒక పాత ఫ్లెక్సీ తెచ్చి, వెనక తెల్లగా ఉన్నవైపు తేనెపట్టు గళ్లు గీయడం మొదలుపెట్టారు. పులిచింతల నుంచి దివిసీమ దాకా, ఇటు బుడమేరు, కొల్లేరు, ఉప్పుటేరుతో సహా. ఆటోనగర్‌లో ఒక కార్పెంటర్ ప్లైవుడ్ ముక్కలు కోసిచ్చాడు. పావులు కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేయించాం. ఇక్కడే మొదటి గొడవ. ఆడేవాళ్లను దేవుళ్లనడం తగదని పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. చాలా చర్చ తర్వాత దిక్పాలకులైతే ఫర్వాలేదని ఒప్పుకున్నారు. ఇంద్రుడు, వరుణుడు, వాయువు, కుబేరుడు, నలుగురు ఆటగాళ్లు. వాన ఇంద్రుడిదా వరుణుడిదా అని మళ్లీ ఒక సాయంత్రం పోయింది. మబ్బు దాకా ఇంద్రుడు, నేల మీద పడ్డాక వరుణుడు అని అధ్యక్షుల వారు తీర్పు చెప్పారు. ఆ తీర్పును మినిట్స్ పుస్తకంలో రాశాం.

వంతుకు ఏం పేరు పెట్టాలన్నదానికి మాత్రం గొడవే లేదు. ఒక వంతు ఒక కార్తె. ఏడాదికి 27 కార్తెలు, మృగశిరలో మొదలై రోహిణితో ఆట ముగుస్తుంది. ప్రతి కార్తెలో ఒక్కొక్కరు మూడు పనులు చేయొచ్చు: గడిని మెరక చేయడం, పల్లం చేయడం, కాలువ తవ్వడం, చెట్లు నాటడం, ఊరిని జరపడం, వీటిలో ఏవైనా మూడు. చూసుకోవాల్సినవి నీళ్లు, ఒండ్రు, ధాన్యం, జనం.

అసలు కిటుకు రెండు నిబంధనల్లో ఉంది. పాపులస్‌లో శక్తి ఉంటే చాలు, నేల లేస్తుంది. మన ఆటలో మట్టి ఊరికే రాదు. ఒక గడి ఎత్తాలంటే ఇంకో గడిలో తవ్వాల్సిందే. మీ కరకట్ట ఎత్తు చేస్తే ఎక్కడో ఒక చోట గొయ్యి పడుతుంది, నీళ్లు ఆ గోతిని వెతుక్కుంటూ పోతాయి. రెండోది, కృష్ణ గళ్లు నిండి ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి తంతాయి. మొదటిసారి ఆడినప్పుడు పిల్లలు ఇది అన్యాయం అని గోల చేశారు. సింగ్‌నగర్ సభ్యుడు పావులు పక్కన పెట్టి, మళ్లింపు కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణలో ఎలా కలుస్తుందో, నది నిండుగా ఉంటే ఆ నీరు ఎందుకు పోదో, గండి పడితే ఏ వీధి ముందు మునుగుతుందో ఆ ఫ్లెక్సీ మీదే వేలితో చూపించారు. తర్వాత ఆ నిబంధన గురించి ఎవరూ నోరెత్తలేదు.

వానకు పాచికలు వద్దని గవ్వలు పెట్టాం. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అంత వాన. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, మంచి వాన. నాలుగూ బోర్లా పడితే అష్టా, వరద. వరద 16లో ఒకసారే వస్తుందని లెక్కల మాస్టారు కాగితం మీద తేల్చారు. గవ్వకు కాగితం సంగతేం తెలుసు? వీపు అరగదీసిన గవ్వలు ఒక తీరుగా, కొత్తవి ఒక తీరుగా పడుతున్నాయి. చివరికి ఒకే రకం గవ్వలు ఏరి తెచ్చారు. 2024 వరద పుబ్బ మొదట్లోనే వచ్చింది కాబట్టి పుబ్బ, ఉత్తర కార్తెల్లో గవ్వలు రెండుసార్లు వేయాలన్నది మహిళా సభ్యుల ప్రతిపాదన, ఏకగ్రీవంగా ఆమోదించాం.

ఇక సంక్రాంతి సెలవుల్లో కళ్యాణ మండపంలో జరిపిన ఆటల రోజు. ఈ సంఘం పెట్టినప్పటి నుంచి ఇలాంటి రోజు చూడలేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. 27 కార్తెలు ఆడితే తెల్లారుతుందని మృగశిర నుంచి స్వాతి దాకా 11 కార్తెలకు కుదించాం. ఒక బల్ల మీద తాతా మనవడూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి ఊరి మీదకు ఒకరు నీళ్లు తోసుకున్నారు. ఇంకో బల్ల మీద వాయువు చెట్లు నాటుతూనే కూర్చుని ధాన్యం లేక జనాన్ని పోగొట్టుకున్నాడు. చివరి బల్ల దగ్గర మాత్రం జనం గుమిగూడారు. అక్కడ కుబేరుడి ఆట ఆడుతున్నది ఏడో తరగతి అమ్మాయి. కొల్లేరు గళ్ల మీద చేపల చెరువులు పెట్టుకుంటే కుబేరుడికి వంతు వంతుకూ ఆదాయం, అందరూ అదే చేస్తారు. ఈ అమ్మాయి మఖ కార్తెలో తన చెరువులు తనే తీసేసి, ఆ కట్టల మట్టి తెచ్చి కరకట్టలకు వేసి, మిగిలిన పనితో, కొల్లేటి నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరును వెడల్పు చేసింది. పక్కనున్న పెద్దలు అయ్యో అన్నారు. పుబ్బలో అష్టా పడింది. మిగతా బల్లల మీద ఊళ్లు మునిగాయి, ఈ బల్ల మీద నీళ్లు కొల్లేటిలో నిలిచి నెమ్మదిగా సముద్రానికి పోయాయి. ధాన్యంలో ఆమె మూడో స్థానం, జనంలో మొదటి స్థానం. బహుమతి ఎవరికివ్వాలని న్యాయనిర్ణేతలు తలుపేసుకుని వాదించుకున్నారు. నా ఓటు అడగలేదు గానీ, ఇచ్చింది సరైన చేతికే.

ఇప్పుడు చెప్పక తప్పనివి. తక్కువ అద్దెకు హాలు ఇవ్వమని మొదట ఒక కార్యాలయంలో అర్జీ పెట్టాం. అక్కడి అధికారి మొదట అడిగిన ప్రశ్న, ‘ఇది పేకాటా?’ కాదని రాసివ్వమన్నారు. రాసిచ్చాం. గవ్వలు ఉన్నాయి కదా, జూదం కాదా అన్నారు. దానికీ వివరణ ఇచ్చాం. ఆ ఫైలు ఇప్పటికీ అక్కడే ఉంది. ముఖ్య అతిథిగా పిలిచిన మరో అధికారి వస్తానని మాటిచ్చి, దారిలో ఉన్నామని రెండుసార్లు ఫోన్ చేయించి, రాలేదు. ఆయన కోసం తెచ్చిన శాలువా కార్పెంటర్‌కు కప్పాం. అందుకు నాకేమీ విచారం లేదు.

వాలంటీర్ల జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టినప్పుడు బొటనవేళ్లు వరసగా పడ్డాయి. ఆ రోజు పొద్దున్న కుర్చీలు దించడానికి చూస్తే ఎప్పటిలాగే అవే మొహాలు. భోజనాల వేళకు మాత్రం అందరూ కనిపించారు. ఎవరినీ పేరు పెట్టి అనను. రానివాళ్లకు వేరే పనులు ఉండొచ్చు, వచ్చినవాళ్లకూ ఉన్నాయి. వచ్చే ఏడు పేరు ఇచ్చేవాళ్లు ఏ పని చేస్తారో కూడా పక్కన రాయాలని కార్యవర్గం నిర్ణయించింది.

జమాఖర్చులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, ఆడిటర్ సంతకం అయింది, కాపీ నోటీసు బోర్డుకు అంటించాం. మండపం అద్దె, ప్లైవుడ్, భోజనాలు పెద్ద ఖర్చులు. చందా బకాయిలు ఎక్కువే ఉన్నాయి. సందేహాలుంటే సమావేశం అయ్యాక అడగగలరు.

మండపం అద్దెలో సగం తగ్గించిన యజమాని గారికి, పావులు చేసిచ్చిన కొండపల్లి కళాకారుడికి, ప్లైవుడ్‌కు కూలి తీసుకోని కార్పెంటర్‌కు, పులిహోర, చక్రపొంగలి బాధ్యత తీసుకున్న మహిళా విభాగానికి, ఫ్లెక్సీ మీద గళ్లు గీసి నడుం పట్టేసిన లెక్చరర్ గారికి, మైకు సెట్టు తెచ్చిన కుర్రాళ్లకు, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు, మేడ మీద గది ఇచ్చిన ఇంటివారికి, లైట్లు ఆలస్యంగా తీసిన వాచ్‌మన్‌కు సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన ఉంది. పట్టిసీమ నుంచి పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణకు వచ్చే గోదావరి నీళ్లను ఆటలో చేర్చాలని యువసభ్యులు అడుగుతున్నారు. అప్పుడు వరుణుడికి బలం మరీ ఎక్కువవుతుందని లెక్కల మాస్టారి అభ్యంతరం. ఈ రోజే చేతులెత్తి తేల్చాలి. ఆ తర్వాత కొత్త కార్యవర్గం ఎన్నిక. కార్యదర్శి పదవికి ఎవరైనా ముందుకొస్తే సంతోషం, నామినేషన్ పత్రాలు కోశాధికారి గారి బల్ల మీద ఉన్నాయి.

మరో విషయం. ఆట పెట్టెలో రెండు కొల్లేరు ముక్కలు, ఒక గవ్వ కనిపించడం లేదు. ఎవరింట్లో పిల్లల దగ్గరున్నా వచ్చే శనివారం లోపు తెచ్చివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ